మోకు నుంచి రక్షణ కవచం దాకా: గీత వృత్తిలో ఎత్తు, ప్రమాదం, శిక్షణ

కల్లుగీత మొదట చెట్టెక్కే వృత్తి, ఆ తర్వాతే కత్తి పని. తాటిచెట్టుకు కొమ్మలుండవు, పట్టు దొరకదు. కల్లు ఊరేది మాత్రం కొసన, మట్టల నడుమ పుట్టే గెలలోనే. గెలను పూటపూటకూ కోయకపోతే ధార ఆగిపోతుంది కాబట్టి గీసే మనిషి రోజూ పొద్దునా సాయంత్రం పైకి వెళ్లక తప్పదు. తెలుగు నేల మీద ఇంత ఎత్తున, ఇంత తరచుగా, ఇంతమంది చేస్తూ వచ్చిన పనులు తక్కువ.

ఈ వృత్తి ఎప్పుడూ ప్రభుత్వాల కన్ను దాటి పోలేదు. బ్రిటిష్ వారి కాలం, నిజాం కాలం, స్వాతంత్ర్యం తర్వాతి కాలం, అన్నింటిలోనూ చెట్లను లెక్కపెట్టారు, పన్ను వేశారు, లైసెన్సులిచ్చారు, కొన్నేళ్లు నిషేధించారు కూడా. చెట్టెక్కే మనిషి భద్రత మాత్రం ఈ కాలమంతా దాదాపు పూర్తిగా కుటుంబం చేతుల్లోనే ఉండిపోయింది. ముందు పన్ను వచ్చింది, చాలా కాలానికి పరిహారం వచ్చింది, చిట్టచివరికి శిక్షణ వచ్చింది. గీత వృత్తి చరిత్రను ఈ వరుసలో చూస్తే దాని కష్టం ఎక్కడుందో తేటపడుతుంది.

చెట్లు, మనుషులు

తెలుగు ప్రాంతాల్లో కల్లు ప్రధానంగా తాటి, ఈత చెట్ల నుంచి వస్తుంది. తీరంలో కొంతమేర కొబ్బరి, మన్యంలో జీలుగ కూడా గీస్తారు. ఈతచెట్టు పొట్టిది. లేత ఈతను నేల మీద నిలబడో, చిన్న నిచ్చెన వేసుకునో గీయవచ్చు. తాటిచెట్టు అలా కాదు. విత్తు నాటిన పన్నెండు పదిహేనేళ్లకు గాని గెల వేయదు, ఆ తర్వాత పెరుగుతూనే ఉంటుంది. 15 నుంచి 20 మీటర్ల చెట్లు మామూలే, 30 మీటర్లకు చేరేవీ ఉంటాయి. ఒక తరం నాటిన చెట్టును తర్వాతి తరాలు గీస్తాయి. చెట్టు ముదిరేకొద్దీ ఎక్కాల్సిన దూరం పెరుగుతుంది. కొత్త తోటలు వేయడం తగ్గిన ఊళ్లలో మిగిలేవి ఎక్కువగా పాత, పొడవైన చెట్లే. కొత్తవాళ్లు వృత్తిలోకి రానప్పుడు వాటిని ఎక్కేదీ వయసు మళ్లినవాళ్లే.

ఈ పని చేసే కులాలకు ప్రాంతాన్ని బట్టి పేర్లు మారతాయి. తెలంగాణలో గౌడలు, రాయలసీమలో ఈడిగలు, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలు, ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన (సెగిడి). ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో గమళ్ల, ఈడిగ, యాత, సెగిడి పేర్లతో విడివిడి వ్యాసాలున్నాయి. నిజాం రాజ్యంలోని కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో ప్రచురించిన గ్రంథం గౌండ్ల గురించి రాసింది.

పని బరువు లెక్క వేస్తే తెలుస్తుంది. 15 మీటర్ల చెట్లు పది గీసే కార్మికుడు రెండు పూటలా కలిపి రోజుకు 300 మీటర్లు పైకి ఎక్కి, 300 మీటర్లు కిందికి దిగుతాడు. అందులో సగం ప్రయాణం కల్లు బరువుతో. అంత ఎత్తు నుంచి పట్టు తప్పితే నేలను తాకడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అప్పటికి వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. ఆ రెండు సెకన్లలో మనిషి చేయగలిగింది ఏమీ లేదు. రక్షణ ఏదైనా పడకముందే చెట్టు మీద ఉండాలి.

మోకు, ముస్తాదు, గుజి

గీత కార్మికుడి పనిముట్లలో మూడు ఎక్కడానికి సంబంధించినవి. మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే బలమైన తాడు. ముస్తాదు నడుముకు కట్టుకునే పట్టీ. దీన్నే ముత్తాదు అని కూడా అంటారు. గీత కత్తులు, కల్లు వంపుకునే కుండ దానికే వేలాడతాయి. గుజి రెండు పాదాలనూ కలిపి ఉంచే చిన్న బంధం. మోకును నారతో పేనుతారు, కొన్నిచోట్ల తోలు వాడతారు.

ఎక్కే తీరు చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. కార్మికుడు మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుము దగ్గర తగిలించుకుంటాడు. నడుమును వెనక్కి వాలిస్తే మోకు బిగుసుకుంటుంది, పాదాలు చెట్టును నెడుతూ నిలబడతాయి. ముందుకు వంగగానే మోకు వదులవుతుంది. ఆ రెప్పపాటులో రెండు చేతులా మోకును మూరెడు పైకి విసిరి మళ్లీ వెనక్కి వాలుతాడు. తర్వాత గుజి వేసిన పాదాలను ముడిచి పైకి లాక్కుని చెట్టుకు అదిమిపెడతాడు. మోకు, పాదాలు, మోకు, పాదాలు. పైకి చేరేదాకా ఇదే వరుస. మనిషిని నిలబెట్టేది ఒరిపిడి ఒక్కటే. బరువు వెనక్కి ఉన్నంతసేపు తాడు పట్టు విడవదు. శరీరం చెట్టుకు మరీ దగ్గరైతే పట్టు సడలుతుంది. ఎత్తును చూసి భయపడినవాడు సహజంగానే చెట్టును కౌగిలించుకోబోతాడు, అదే ముప్పు. కొత్తవాడు ముందు నేర్చుకోవాల్సింది భయం వేసినా వెనక్కి వాలడమే.

పైకి చేరాక పని మొదలవుతుంది. పోతుతాడి (మగ చెట్టు) గెలలనైనా, పండుతాడి (ఆడ చెట్టు) గెలలనైనా కట్టి, కర్రల మధ్య నొక్కి, కొన్నాళ్లు సాధు చేశాక కొసను పలుచగా కోయడం మొదలుపెడతారు. కోసిన చోట లొట్టి (కల్లు పట్టే కుండ) కడతారు. ప్రతి పూటా ఊరిన కల్లును నడుము కుండలోకి వంపుకుని, గెలను మళ్లీ ఒక పొర తీసి, లొట్టిని తిరిగి తగిలించాలి. రెండు చేతులూ, కళ్లూ ఈ పనిలో ఉంటాయి. మట్టల గుబురు అడ్డు రావడంతో చాలాసార్లు మోకును అక్కడ వదిలి మట్టల మధ్యకు పాకాలి. ఎక్కడం, దిగడం కంటే ఆ మారే క్షణమే ఎక్కువ ప్రమాదం. నడుము మోకును విడిచి, చేయి మట్టను పట్టే లోపు మనిషిని ఆపేది ఏదీ ఉండదు.

ఇతర ప్రాంతాల వాళ్లు ఈ సమస్యకు వేరే దారులు వెతుక్కున్నారు. కేరళలో కొబ్బరిచెట్టు కాండానికి కొబ్బరి డొక్కలను మెట్లుగా కడతారు. శ్రీలంక పడమటి తీరంలో కొబ్బరిచెట్ల తలలను కలుపుతూ నారతాళ్లు కట్టి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వాటి మీద నడిచి వెళతారు. అక్కడ ఎక్కడం తగ్గుతుంది, గాలిలో నడక పెరుగుతుంది. తెలుగు గీత కార్మికుడి పద్ధతిలో ప్రతి చెట్టునూ విడిగా ఎక్కి దిగాలి. తాటిచెట్లు పొలం గట్ల మీద ఎడంగా ఉండే చోట మరో దారి కూడా లేదు.

ఇంటి బడి

ఈ విద్యకు పుస్తకం లేదు. తండ్రి, పెదనాన్న, మేనమామ, వీళ్లే గురువులు. పొట్టి ఈతచెట్లతో మొదలై, తాటిచెట్టు మీద కొంత దూరం ఎక్కి దిగడం, తర్వాత పూర్తిగా ఎక్కడం, చివరికి గెల కోయడం. కింద నిలబడ్డ పెద్దవాడు పాదం ఎక్కడ పెట్టాలో, మోకు ఎప్పుడు విసరాలో కేకేసి చెబుతాడు. ఏ చెట్టు ఏ వైపు వంగిందో, ఏ చెట్టు నునుపో, దేని మట్టల్లో కందిరీగలు పెట్టాయో తోటతో పరిచయం ఉన్నవాడికి తెలుస్తుంది. ఈ శిక్షణ బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి. చెట్టు గురించి అది చెప్పేంత లోతుగా మరెవరూ చెప్పలేరు. పట్టు తప్పితే ఏం చేయాలో మాత్రం దానికి తెలియదు, ఎందుకంటే పాత పద్ధతిలో ఆ ప్రశ్నకు జవాబే లేదు.

ఆ ఖాళీని ఆచారం పూరించింది. గౌడలు కాటమయ్యను కొలుస్తారు. కంఠమహేశ్వర స్వామి అన్నా ఆయనే, పక్కన సురమాంబ ఉంటుంది. ఎల్లమ్మ కూడా కులదేవతే. కాటమయ్య గుళ్లు చాలావరకు తాటివనాల్లోనో, వాటి అంచునో ఉంటాయి. పండుగనాడు మోకు, ముస్తాదు, కత్తులను కడిగి, బొట్టు పెట్టి పూజిస్తారు, కల్లు సాక పోస్తారు. ఎక్కే ముందు చెట్టుకు మొక్కడం మామూలు. పండుగ పూజకు మరో ఉపయోగం కూడా ఉంది. మోకును చేతిలోకి తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి చూసే సందర్భం అది. అరిగిన పేట, తెగిన పోగు ఉంటే అప్పుడే బయటపడతాయి.

పట్టు ఎక్కడ తప్పుతుంది

ప్రమాదాలకు కారణాలు ఊరూరికీ మారవు. వాన తడికి కాండం జారుతుంది, పాచి పట్టిన చోట మోకు ఒరిపిడి పోతుంది. ఎండకూ వానకూ నానీ ఎండీ తాడు లోపల చీకుతుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది. ఎండిన మట్టలు కొట్టని చెట్టులో పాములు, తేళ్లు, తేనెపట్లు ఉంటాయి. తేనెటీగలు రేగితే చేతులు మోకును వదిలి ముఖాన్ని కాపాడుకోబోతాయి. ఎండు మట్ట బరువుకు ఆగదు, పచ్చి మట్ట అనుకుని పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. గాలివాన, పిడుగు, చెట్టును ఆనుకుని పోయే కరెంటు తీగ, వయసుతో వచ్చే కళ్లు తిరగడం, మోకాళ్ల పట్టు పోవడం కూడా ఈ జాబితాలోవే.

ప్రతిసారీ మనిషి నేల మీదే పడడు. మోకు నడుము నుంచి జారి కాళ్లకు చిక్కుకుంటే తలకిందులుగా వేలాడతాడు. ఊళ్లో మరో గీత కార్మికుడు తాళ్లు తీసుకుని పైకెక్కి, కట్టి కిందికి దించాలి. లేదంటే అగ్నిమాపక సిబ్బందో క్రేనో రావాలి. వేలాడే శరీరంలో రక్తప్రసరణ చెడుతుంది కాబట్టి ఆ ఎదురుచూపు ప్రతి నిమిషమూ ప్రమాదమే. కిందపడి బతికినవాళ్లలో వెన్నెముక విరిగినవాళ్ల పరిస్థితి మరీ కష్టం. నడుము కింది భాగం చచ్చుబడితే చెట్టెక్కడం అటుంచి, లేచి కూర్చోవడానికి కూడా ఇంకొకరి చేయి కావాలి. ఎత్తు నుంచి పడినవాణ్ని చేతులు కాళ్లు పట్టి లేపడం, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవడం విరిగిన వెన్నును మరింత పాడు చేస్తాయి.

అబ్కారీ లెక్కలో చెట్టు

ప్రభుత్వం ఈ వృత్తిలోకి అడుగుపెట్టింది రాబడి కోసం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 నాటి అబ్కారీ (మద్యం పన్నుల) చట్టం కల్లు తీయడాన్నీ అమ్మడాన్నీ లైసెన్సు కిందికి తెచ్చింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను కట్టే పద్ధతి 19వ శతాబ్దం చివరి దశకాల్లో విస్తరించింది. చెట్టుకు గుర్తు వేసి, లెక్క రాసి, గుర్తు లేని చెట్టును గీస్తే నేరంగా చూసేవారు. నిజాం రాజ్యంలో ఫసలీ పంచాంగం ప్రకారం 1316వ ఏట వచ్చిన అబ్కారీ చట్టం ఇదే పని చేసింది. అక్కడ కల్లు హక్కులు వేలంలో కాంట్రాక్టర్లకు పోయేవి. చెట్టెక్కే గౌడ కాంట్రాక్టరు కింద కూలీగానో, అతనికి కల్లు పోసేవాడుగానో మిగిలేవాడు. హైదరాబాద్ సంస్థాన ఆదాయంలో అబ్కారీ పెద్ద పద్దుల్లో ఒకటి. 1947-48లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో కల్లు చెట్లను నరకడం ఒక కార్యక్రమం కావడానికి కారణం అదే. చెట్టు పడితే నిజాం ఖజానాకు గండి పడుతుంది.

ఈ చట్టాలన్నీ చెట్టును చూశాయి, కల్లు పరిమాణాన్ని చూశాయి, దుకాణాన్ని చూశాయి. తాడు ఎలా ఉండాలి, ఎంత ఎత్తు వరకు ఎక్కవచ్చు, పడితే ఎవరు బాధ్యులు అన్నది వాటి పరిధిలోకి రాలేదు.

మద్యనిషేధం కూడా చెట్టెక్కడాన్ని పూర్తిగా ఆపలేదు. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టిన నిషేధం మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. పని పోయిన గీత కార్మికుల్లో కొందరికి బెల్లం కోసం తీపి కల్లు తీసుకునే అనుమతులిచ్చారు. లొట్టికి లోపల సున్నం పూస్తే కల్లు పులియదు, ఆ నీరాను కాచి తాటిబెల్లం చేస్తారు. కల్లుకైనా బెల్లానికైనా ఎక్కాల్సింది ఆ ఎత్తే, వాడాల్సింది ఆ మోకే. రాబడి మాత్రం బాగా తగ్గింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధాన్ని పరిశీలించడానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయాలని చెప్పింది. ఆ సిఫార్సు అమలు కాకపోవడంతో గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన ఆందోళనకు దిగాడు. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఇదే వివాదంలో అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక ప్రభుత్వాన్ని దింపగలిగిన సమస్యలోనూ చర్చ అంతా పని గురించీ పన్ను గురించీ సాగింది, ఎక్కే మనిషి భద్రత గురించి కాదు.

సొసైటీలు, పరీక్షలు

తెలంగాణలో సాయుధ పోరాట యోధుడు, తర్వాత నల్లగొండ నుంచి పార్లమెంటుకు వెళ్లిన బొమ్మగాని ధర్మభిక్షం గీత పనివారల సంఘాన్ని నడిపాడు. కాంట్రాక్టర్లను తప్పించి గీసేవాళ్లకే చెట్లు ఇవ్వాలన్నది సంఘాల ప్రధాన కోరిక. గీత కార్మికుల సహకార సంఘాలు, సొసైటీ లేని చోట విడిగా గీసేవాడికే చెట్టు ఇచ్చే పథకం ఆ దిశలో వచ్చినవే. తాటి, ఈత వనాలు పెంచుకోవడానికి సొసైటీకి ఐదెకరాల చొప్పున భూమి ఇవ్వాలనే 560 నంబరు జీవో గీత సంఘాల సభల్లో నేటికీ వినిపిస్తుంది.

సొసైటీ పద్ధతిలో ఒక కొత్త నియమం చేరింది. సభ్యత్వం కోరేవాడు ఎక్సైజ్ అధికారుల ముందు చెట్టెక్కి చూపాలి. చెట్టెక్కడం రానివాళ్లు గీత కార్మికుల పేరుతో దుకాణాలు పట్టకుండా చూడటం దీని ఉద్దేశం. ఎత్తున పనిచేసే మనిషి సామర్థ్యాన్ని ప్రభుత్వం తన కళ్లతో చూసే సందర్భం ఇదే. అయినా అక్కడ తేల్చేది మనిషి చెట్టెక్కగలడా లేదా అన్నది మాత్రమే. మోకు ఎంత పాతదో, ఎక్కే పద్ధతి ఎంత భద్రమో ఆ పరీక్ష అడగదు.

చట్టం చూసిన ఎత్తులు, చూడని ఎత్తు

దేశంలో ఎత్తున చేసే పనికి భద్రతా నియమాలు లేకపోలేదు. 1948 కర్మాగారాల చట్టం 32వ సెక్షను పడిపోయే అవకాశమున్న ఎత్తున పనిచేసేవారికి కంచె గాని మరో రక్షణ గాని ఉండాలంది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1998 నాటి కేంద్ర నియమాలు పరంజాలు, నిచ్చెనలు, భద్రతా బెల్టుల గురించి వివరంగా చెప్పాయి. నిచ్చెనలకూ పరంజాలకూ ఐఎస్ 3696, ఒంటికి తొడిగే భద్రతా బెల్టులకు ఐఎస్ 3521 పేరుతో భారత ప్రమాణాలున్నాయి. ఇవన్నీ ఫ్యాక్టరీకీ కట్టడానికీ వర్తించేవి. పొలం గట్టు మీది తాటిచెట్టు రెండూ కాదు.

పరిహార చట్టం కథ ఇంకా విచిత్రం. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం రెండో షెడ్యూలులో తాటిజాతి చెట్లు గీసే పనికి చోటుండేది. అది ప్రమాదకరమైన పని అని చట్టం ఒప్పుకున్నట్టే. అయితే పరిహారం చెల్లించాల్సింది యజమాని. సొసైటీ సభ్యుడికీ, సొంత లైసెన్సుతో గీసేవాడికీ యజమాని ఎవరు? కాంట్రాక్టరు పోవడంతో కార్మికుడికి చెట్టు దక్కింది, చట్టం ప్రకారం నష్టం కట్టే మనిషి మాత్రం లేకుండా పోయాడు.

ఆ లోటును ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా తీర్చడానికి ప్రయత్నించింది. చెట్టు మీద నుంచి పడి చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా ఇచ్చే మొత్తాన్ని తెలంగాణ ప్రభుత్వం రూ.2 లక్షల నుంచి రూ.5 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన కల్లుగీత విధానం మృతుల కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు తీసుకెళ్లింది. ఈ సొమ్ము కుటుంబాన్ని నిలబెడుతుంది, పడటాన్ని ఆపలేదు. పైగా లైసెన్సు లేదా గుర్తింపు కార్డు లేనివాడికి సాయం అందడం కష్టం.

కొబ్బరిచెట్టు దగ్గర మొదలైన శిక్షణ

తాటిజాతి చెట్లెక్కడాన్ని ఒక పాఠ్యక్రమంగా నేర్పడం పెద్ద ఎత్తున మొదలైంది కొబ్బరితో. కేరళలో చెట్టెక్కేవాళ్లు దొరక్క కాయ దింపు ఆగిపోయే పరిస్థితి రావడంతో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ కార్యక్రమం చేపట్టింది. ఆరు రోజుల పాటు అక్కడే ఉంచి యువతీ యువకులకు యంత్రంతో చెట్టెక్కడం నేర్పారు. కన్నూరు జిల్లా రైతు చెంబేరి జోసెఫ్ రూపొందించిన పరికరం ఈ రకం యంత్రాల్లో పేరుపొందింది. కాళ్లు పెట్టుకునే రెండు ఇనుప చట్రాలను తీగలతో చెట్టుకు చుట్టి, ఒకదాన్ని బిగించి మరోదాన్ని జరుపుతూ నిలబడే ఎక్కవచ్చు. కులవృత్తిగా సాగిన పనిని కులంతో సంబంధం లేనివాళ్లు, మహిళలతో సహా, ఆరు రోజుల్లో నేర్చుకున్నారు. చెట్టెక్కేవాళ్లకు ‘కేర సురక్ష’ పేరుతో బోర్డు ప్రమాద బీమా కూడా కల్పించింది. ఆంధ్రప్రదేశ్ సహా కొబ్బరి పండే ఇతర రాష్ట్రాలకూ ఈ శిక్షణ విస్తరించింది. కోనసీమ దింపు కార్మికుల పనికి ఇది నేరుగా సంబంధించినది.

కొబ్బరి యంత్రం తాటిచెట్టుకు అంత తేలిగ్గా ఒదగదు. కొబ్బరి కాండం సన్నగా, నునుపుగా, మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే లావు ఉంటుంది. తాటి కాండం లావు, నల్లని గరుకు పొర, మట్టలు రాలిన మొరటు గుర్తులు. పైగా దింపు కార్మికుడు ఒక చెట్టును నెలకో రెండు నెలలకో ఒకసారి ఎక్కుతాడు. గీత కార్మికుడు రోజుకు రెండుసార్లు, చెట్టు తర్వాత చెట్టు ఎక్కాలి. బరువైన యంత్రాన్ని విప్పి, మోసుకెళ్లి, మరో చెట్టుకు కట్టే తీరిక అతనికి లేదు. తాటిచెట్టుకు కావాల్సింది మోకంత తేలిగ్గా ఉండి, మోకు చేయలేని పనిని చేసే సాధనం.

కాటమయ్య రక్షణ కవచం

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తాటివనంలోనే కిట్లు అందించారు. ఐఐటీ హైదరాబాద్ సహకారంతో ఒక ప్రైవేటు సంస్థ వీటిని తయారుచేసింది. తాడు, కాళ్లకు వేసుకునే పట్టీ, చేతిపట్లు, క్లిప్పులు, అన్నీ పెట్టుకునే సంచి ఇందులో ఉంటాయి. కిట్లతో పాటు వాడకం మీద శిక్షణ కూడా ఇచ్చారు. పథకంలో పెద్ద మార్పు ఈ శిక్షణే.

పాత మోకుకూ కొత్త కవచానికీ తేడా గట్టిదనంలో లేదు, చేసే పనిలో ఉంది. ఎత్తు పనుల భద్రతలో తాళ్లు రెండు రకాలు. ఒకటి మనిషిని పనిచేసే చోట నిలబెట్టేది, రెండోది పట్టు తప్పినప్పుడు పడకుండా ఆపేది. మోకు మొదటి రకం. అది పనిచేస్తున్నంతసేపు రెండో తాడు అవసరం కనిపించదు, అది జారిన క్షణాన రెండో తాడు లేకపోవడమే ప్రాణం తీస్తుంది. కొత్త కిట్టు ఈ రెండో తాడును చేరుస్తుంది. మనిషి బరువు ఒక్కసారిగా పడితే తాడు చెట్టుకు బిగుసుకుని కిందికి జారకుండా పట్టుకుంటుంది. కొండలెక్కేవాళ్లు, ఎత్తైన కట్టడాల మీద పనిచేసేవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న సూత్రమే ఇది.

కొత్త తాడుతో కొత్త అలవాట్లూ రావాలి. కుటుంబం నేర్పని విషయాలు శిక్షణలో ముఖ్యమయ్యేది ఇక్కడే. ఎక్కే ముందు తాడునూ క్లిప్పునూ వరుసగా చూసుకోవడం, క్లిప్పు పూర్తిగా మూసుకుందో లేదో తేల్చుకోవడం, మట్టల దగ్గర ఒక పట్టును విప్పే ముందు మరో పట్టు తగిలించడం. ఈ చివరి నియమం తేనెటీగలు రేగినా, మబ్బు కమ్ముకొస్తున్నా తప్పకూడదు. పట్టుకున్న తాడు మీద వేలాడాల్సి వస్తే కాళ్లను కదిలిస్తూ ఉండటం, కిందివాళ్లు త్వరగా దించడం, పడినవాడి మెడ, వెన్ను కదలకుండా పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్లడం కూడా ఆ పాఠంలో భాగం కావాలి. ఒకసారి గట్టిగా కుదుపు తిన్న తాడును పక్కన పడేయాలి. అది చూడ్డానికి బాగానే ఉన్నా మరోసారి ఆపుతుందన్న నమ్మకం లేదు.

చేతికొచ్చిన సాధనం రోజువారీ పనిలో నిలవడం వేరే సంగతి. కిట్టు మోకు కంటే నెమ్మది అనిపిస్తే చెట్టు తర్వాత చెట్టు ఎక్కాల్సిన మనిషి దాన్ని ఇంట్లో వదిలేసే అవకాశం ఉంది. సంచిలో మడిచి పెట్టిన కవచం ఎవరినీ కాపాడదు. ముప్పై నలభై ఏళ్లు మోకుతో ఎక్కినవాడి శరీరం పాత లయకు అలవాటు పడి ఉంటుంది, ఒక పూట శిక్షణతో అది మారదు. తాడు అరిగితే మరొకటి ఎక్కడ దొరుకుతుంది, ఖర్చు ఎవరిది, ఏడాదికోసారి తనిఖీ ఎవరు చేస్తారు అన్నవి పంపిణీ రోజున తేలే ప్రశ్నలు కావు.

ఎత్తు తగ్గించే దారి

బ్రిటన్‌లో 2005లో వచ్చిన ఎత్తు పనుల నియమాలు ఒక వరుసను పాటిస్తాయి. ఎత్తున పని తప్పించగలిగితే తప్పించాలి, తప్పదంటే పడకుండా చూడాలి, అదీ పూర్తిగా సాధ్యం కాకపోతే పడినా దెబ్బ తగ్గేలా చూడాలి. గీత వృత్తిలో రక్షణ కవచం రెండో మెట్టుకు, కొంతవరకు మూడో మెట్టుకు చెందుతుంది. మొదటి మెట్టు చెట్టు ఎత్తుకు సంబంధించినది. లేత తోటలు ఉంటే పొట్టి చెట్లు దొరుకుతాయి, ముదిరిన పొడవాటి చెట్లను వదిలేయవచ్చు. సొసైటీకి ఐదెకరాల భూమి, వనాల పెంపకం ఈ కారణంగా జీవనోపాధికి ఎంత అవసరమో భద్రతకూ అంతే అవసరం. తాటి మీద పరిశోధన చేసే రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం నీరా, తాటిబెల్లం, తేగలు, ముంజల నుంచి వస్తువుల తయారీ మీద పనిచేస్తోంది. తేగ నేలలోంచి వస్తుంది, దానికి ఎవరూ చెట్టెక్కక్కర్లేదు. ఒక్కో చెట్టు నుంచి రాబడి పెరిగితే రోజుకు ఎక్కాల్సిన చెట్లూ తగ్గుతాయి.

అయితే ఇప్పుడు నాటిన తాటివిత్తు గెల వేసేది పన్నెండు పదిహేనేళ్ల తర్వాత. అప్పటిదాకా గీయాల్సినవి తాతల నాటి చెట్లే. అందుకే ప్రస్తుతానికి రెండో తాడు, దాన్ని సరిగ్గా వాడే శిక్షణ, ఏటా తనిఖీ ఈ వృత్తికి తక్షణ రక్షణ. కొత్త వనాలు రాబోయే తరానికి పనికొస్తాయి.